చూడని అయిదో అంకం

“మూడో అంకం అయ్యాక పెద్ద విరామం ఉంటుందిగా. అప్పుడు లేచి ఇంటికొచ్చేస్తే సరిపోతుంది లిండీ. తర్వాతేముంటుంది? అందరూ ఏడుస్తారు, ఒకరో ఇద్దరో చస్తారు. పాత నాటకాలన్నీ అంతేగా,” అన్నాడు మా ఆయన ఓస్వాల్డ్, కాఫీ కప్పు నా వైపు జరుపుతూ. అలా జరిపాడంటే ఇంకాస్త పొయ్యమని అర్థం. నా చేతిలో చెక్క సుత్తి ఉంది. దూడ మాంసం ముక్కల్ని రెండు కాగితాల మధ్య పెట్టి, పల్చగా సాగేదాకా కొడుతున్నాను. ఆదివారం పొద్దున వియన్నాలో ఏ ఇంటి మెట్లెక్కినా ఇదే చప్పుడు. ప్రతి వంటింట్లోనూ ఒక ఆడది ఏదో ఒకదాన్ని కొడుతూనే ఉంటుంది. తాను కొట్టాలనుకున్నదాన్ని మాత్రం కాదు. సుత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కాఫీ పోశాను.

“పోకోర్నీ గారికి ఇంట్లో చేసిన ష్నిట్జెల్ అంటే ప్రాణం. హోటల్‌కి తీసుకెళ్తే ఏం బాగుంటుంది? నీ చేతి వంట గురించి ఆఫీసంతా చెప్పానోయ్,” అన్నాడు మళ్ళీ. పోకోర్నీ గారు ఆయన పై అధికారి, ఆ రోజు నాటకం అయ్యాక మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. మా ఆయన నన్ను పొగిడితే నాకు భయం. పొగడ్త పూర్తయ్యేలోగా చేతికి కొత్త పని తగులుకుంటుంది. ష్నిట్జెల్ అంటే ఈ దూడ మాంసం వేపుడే, దాని సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పిండీ, గుడ్డూ, రొట్టె పొడీ అద్దిన వెంటనే నేతిలో వెయ్యాలి, పెనంలోంచి తీసిన వెంటనే పళ్ళెంలో పెట్టాలి. ముందే చేసి పెడితే పైతొడుగు మెత్తబడిపోతుంది. “చల్లారిన ష్నిట్జెల్ పెట్టే ఇంట్లో మర్యాదస్తులు రెండోసారి కాలు పెట్టరు,” అనేది మా అత్తగారు. కిందటి చలికాలంలో ఆవిడ పోయేదాకా ఈ బల్ల కొసన కూర్చుని, నా పెనం వైపు చూస్తూ, రోజుకోసారైనా ఆ మాట అనేది. కాబట్టి అతిథులు థియేటర్ నుంచి వచ్చే వేళకి ఒకరు పొయ్యి దగ్గర ఉండాలి. అంటే ఒకరు నాటకం చివరి భాగం వదులుకోవాలి. ఆ ఒకరెవరో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఇంత హడావుడికీ కారణం కిందటి నెల ఓస్వాల్డ్‌కి ప్రభుత్వం ఇచ్చిన హోఫ్‌రాట్, అంటే ఆస్థాన సలహాదారు, అనే బిరుదు. రాజులు పోయి ఎన్ని దశాబ్దాలయినా మా ఊళ్ళో రాజాస్థానపు బిరుదులు పోలేదు. ఆ మర్నాటినుంచీ మాంసం కొట్టువాడికీ, మందుల షాపు అమ్మాయికీ, మెట్లు కడిగే ఆవిడకీ నేను హోఫ్‌రాటమ్మగారినైపోయాను. అంతకుముందు డాక్టరమ్మగారిని. ఆయన డాక్టరేట్ కోసం రాసిన గ్రంథమంతా రాత్రింబవళ్ళు టైపు కొట్టిందీ, తప్పులు దిద్దిందీ నేనే గనక, నా చరిత్ర చదువు ఆ టైపు మిషన్ కిందే సమాధి అయింది గనక, ఆ పిలుపులో నాకూ కొంత వాటా ఉందిలే అని సరిపెట్టుకునేదాన్ని. హోఫ్‌రాట్‌లో అదీ లేదు. మా అత్తగారు ఉండుంటే ఎంత మురిసిపోయేదో అని అందరూ అన్నారు. ఆవిడే ఉంటే ఆ పిలుపు ఆవిడకి ఇచ్చేసి హాయిగా ఉండేదాన్ని.

నన్ను గెర్లిండె అని, ఇంకా దగ్గరివాళ్ళు లిండీ అని పిలిచే చోటు ఊరు మొత్తానికి ఒకటే. రింగు రోడ్డు మీద పాత థియేటర్లో, కింద సీట్లన్నిటికీ వెనకాల, నిలబడి చూసేవాళ్ళ చోటు. టికెట్టు ఒక కాఫీ ఖరీదుకన్నా తక్కువ. అక్కడ బిరుదులు లేవు, గార్లు లేవు. ఇత్తడి కమ్మీలు వరసగా ఉంటాయి. తలుపులు తియ్యగానే పరుగెత్తి, కావలసిన చోట కమ్మీకి స్కార్ఫ్ కట్టెయ్యాలి. కట్టామంటే ఆ మూరెడు మేరా మనదే. తర్వాత బయటికి పోయి రొట్టె ముక్క తిన్నా, కాళ్ళు సాగదీసుకున్నా, ఊరంతా తిరిగొచ్చినా సరే, ఆ స్కార్ఫ్‌ని ఎవరూ ముట్టుకోరు. మంత్రిగారొచ్చినా ముట్టుకోరు. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు, అయినా మా అమ్మమ్మ కాలం నుంచీ ఎవరూ తప్పలేదు. మా ఇంట్లో నా పేరుతో ఒక సొరుగు కూడా లేదు. నాదనుకున్న ఒక్క సొరుగులో మొన్నటిదాకా మా అత్తగారి మందులుండేవి, ఇప్పుడు ఓస్వాల్డ్ నెక్‌టైలు ఉంటున్నాయి. అందుకేనేమో ఆ కమ్మీ దగ్గరికి వెళ్ళి నా నీలం స్కార్ఫ్ ముడి వేసినప్పుడల్లా ప్రాణం కుదుటపడేది.

“హోఫ్‌రాట్ పెళ్ళాం వెనకాల నిలబడి నాటకం చూస్తోందంటే జనం ఏమనుకుంటారు? నేను టికెట్టు కొనలేకపోయాననుకోరూ?” అన్నాడు ఓస్వాల్డ్ బిరుదు వచ్చిన వారానికే. తర్వాత ఒక సాయంత్రం పూలగుత్తితో వచ్చి, రెండో అంతస్తులో విడిగా నలుగురు కూర్చునే బాక్స్ ఒకటి ఏడాది పొడుగునా మన పేరున తీసుకున్నానని చెప్పాడు. “ఇక నీకు నిలబడే బాధ తప్పింది!” అన్నాడు. పెద్ద మనసుతోనే అన్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చుట్టాలందరూ నా అదృష్టానికి మురిసిపోయారు. అంత మంచి కానుక ఇచ్చిన మనిషి మీద కోపం తెచ్చుకోవడమెలాగో ఎవరూ నాకు నేర్పలేదు. పూలు తీసుకుని నీళ్ళలో పెట్టాను.

ఇక ఆ నాటకం. మంచుకొండల్లో ఒక ఉప్పు గని. దొర యుద్ధానికి పోయి ఏళ్ళ తరబడి రాడు. గనినీ, కూలీలనీ, లెక్కల్నీ, కరువునీ అన్నిటినీ దొరసాని ఒంటిచేత్తో ఈదుతుంది. మూడో అంకం చివర దొర తిరిగి వస్తాడు. అందరూ చూస్తుండగా చెయ్యి చాచి, “గని తాళాలు” అంటాడు. ఆవిడ చెయ్యి నడుముకున్న తాళాలగుత్తి మీదికి పోతుంది. తెర పడుతుంది. క్లెమెంటీన్ రాష్ ఆ దొరసాని వేషం వెయ్యడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళలో నేను ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు, ఒక్కసారి కూడా చివరిదాకా ఉండలేదు. ఒకసారి అత్తగారి మందు వేళ. ఒకసారి, ఇప్పుడు వేరే ఊళ్ళో చదువుకుంటున్న మా అమ్మాయికి జ్వరం. ఒకసారి మర్నాడు మీటింగుకి ఓస్వాల్డ్ తెల్ల చొక్కా ఇస్త్రీ కాలేదని గుర్తొచ్చి, కాలేదని నన్ను తిట్టేవాళ్ళు ఎవరూ లేకపోయినా నా కాళ్ళే నన్ను ఇంటికి లాక్కుపోయాయి. మహా అయితే నాలుగో అంకం చూశాను. అందులో ఆవిడ తాళాలతో సహా గనిలోకి దిగిపోతుంది, కూలీలందరూ ఆవిడ వెనక నిలబడతారు. ఆ తర్వాతేమైందో నాకు తెలియదు.

పుస్తకం కొని చదువుకోవచ్చుగా అంటారు. వంటల పుస్తకం చదివితే కడుపు నిండుతుందా? క్లెమెంటీన్ నోట వినాలి, నా చోట నిలబడి వినాలి. నా పక్కనే నిలబడే మిట్సీ పంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు ఇస్తుంది. దానికి అయిదంకాలూ కంఠతా వచ్చు. ముగింపు చెప్పాలని నోరు దురద, చెబితే చంపుతానని నేను. మూడంకాలకి నేనూ పెదవులు కదిపేదాన్ని. పులుసు కలుపుతూ, చొక్కాలు మడతపెడుతూ, ఆ చివరి అంకాన్ని నేనే ఎన్ని రకాలుగా అల్లుకున్నానో! ఒకరోజు దొరసాని తాళాలు గనిలోకి విసిరేసేది. ఒకరోజు కూలీలకి పంచిపెట్టేది. అత్తగారి నోరు మరీ లేచిన రోజున ఆ ఇనప గుత్తితో దొర నెత్తి మీద ఒక్కటిచ్చేది. ఏం చేసినా ఇవ్వదన్నది మాత్రం నాకు ఖాయం. ఆ ధీమాతోనే తొమ్మిదేళ్ళు గడిపాను.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఆటే ఆఖరిది. క్లెమెంటీన్ రాష్ ఇక వేషం కట్టడం మానేస్తోంది, ఆవిడతోపాటు నాటకాన్నీ తీసేస్తున్నారు. ఓస్వాల్డ్ పోకోర్నీ గారినీ, ఆయన భార్యనీ బాక్స్‌కి పిలవడానికి సరిగ్గా ఈ రోజునే ఎంచుకున్నాడు. “నీకిష్టమైన నాటకమేగా, నీకోసమే,” అన్నాడు. నాకోసమట.

బంగాళదుంపల సలాడ్ చేసి, మాంసం ఫ్రిజ్‌లో పెట్టి, బాక్స్‌లో చాక్లెట్లూ మంచినీళ్ళూ సర్దాలనే వంకతో అందరికన్నా ముందు థియేటర్‌కి వెళ్ళాను. వెళ్ళి నిలబడే వరసలో నిలబడ్డాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? పైన నాకు కుర్చీ ఉంది, విరామంలో ఇంటికి పోవాలి. అయినా టికెట్టు కొన్నాను, తలుపు తియ్యగానే అందరితోపాటు నలభై ఏడేళ్ళ వయసులో పరుగెత్తాను, నా కమ్మీకి నా స్కార్ఫ్ కట్టాను. మిట్సీ నన్ను ఎగాదిగా చూసింది. పట్టు గౌను, ముత్యాల దండ.

“ఏమే, పెళ్ళికొచ్చావా నాటకానికొచ్చావా?”

“పైన బాక్స్‌లో కూర్చోవాలి. మా ఆయన అధికారులొస్తున్నారు.”

“మరి ఈ స్కార్ఫ్ ఎవరికే, మీ ఆయనకా?”

“ఊరికే కట్టాను. ఉండనీ.”

“చూడు లిండీ, ఇవాళ చీమ దూరే సందు లేదు. పెద్ద విరామం అయిపోయేదాకా కాపాడతా. అప్పటికీ నువ్వు రాలేదనుకో, నేనే విప్పేస్తా. రూలు రూలే. నువ్వైనా అంతే, నేనైనా అంతే.”

“సరే,” అని మెట్లెక్కాను.

బాక్స్‌లో ముందు కుర్చీలు అతిథులకి, వాళ్ళ వెనక ఓస్వాల్డ్, ఆయన వెనక స్తంభం పక్కన నేను. అక్కడినుంచి నాకు రంగస్థలం సగమే కనిపించింది, దొరసాని కుడివైపు నడిస్తే మాయమైపోయేది. పోకోర్నీ గారు మొదటి అంకం సగంలోనే నిద్రపోయారు. ఆయన భార్య మాటిమాటికీ వెనక్కి వంగి, “హోఫ్‌రాటమ్మగారూ, ఆ ఎర్ర టోపీ అతనెవరండీ?” అని అడిగేది. నేను చెప్పేలోగా ఓస్వాల్డ్ చెప్పేవాడు, అదీ తప్పు చెప్పేవాడు. “లిండీ, మేడమ్‌కి చాక్లెట్లు.” “లిండీ, ఆ తలుపు సందులోంచి గాలొస్తోంది.” “లిండీ, సార్ కోటు జారిపోతోంది చూడు.” దొరసాని కూలీలతో పోట్లాడే ఘట్టం నాకు అక్షరమక్షరం వచ్చు. అంత వచ్చీ ఒక్క ముక్క చెవికెక్కలేదు. నాకు కాళ్ళలోంచి మంట పుట్టుకొచ్చింది. మెత్తని కుర్చీలో కూర్చుని ఇంత అలిసిపోవడం అంతకుముందు ఎప్పుడూ లేదు. వంగి కిందికి చూస్తే, చీకట్లో కిక్కిరిసిన జనం మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ, అందులో నీలంగా నా స్కార్ఫ్. పక్కన మిట్సీ రెండు మోచేతులూ కమ్మీ మీద పరిచేసి కాపలా కాస్తోంది. నేను లేని నా చోటుని ఎవరో అంత భద్రంగా చూసుకుంటుంటే ఏడుపొచ్చింది.

మూడో అంకం ముగిసింది. దొర చెయ్యి చాచాడు, తెర పడింది, దీపాలు వెలిగాయి. ఓస్వాల్డ్ వెనక్కి తిరగకుండానే గడియారం మీద వేలితో రెండుసార్లు తట్టాడు.

“అయ్యో, మీరు వెళ్ళిపోతున్నారా?” అంది పోకోర్నీ గారి భార్య.

“ఇంటి దగ్గర పనుందండీ. మా ఆవిడకి ఈ నాటకం తొమ్మిదేళ్ళుగా తెలుసు, చూసి చూసి విసుగెత్తిపోయింది,” అని ఓస్వాల్డ్ నా తరఫున నవ్వాడు. నేనూ నవ్వాను. ఇరవై రెండేళ్ళుగా ఆయన జోకుల చివర నేను నవ్వుతున్నాను, అది కూడా ఇంటిపనిలో భాగమే.

కోటు తీసుకున్నాను, గుండీలు పెట్టుకున్నాను, వీధి తలుపు దాకా వెళ్ళాను. అద్దంలోంచి బయట ట్రామ్ ఆగడం కనిపించింది. అది ఎక్కితే సరిగ్గా వేళకి ఇల్లు చేరతాను. ఇది ఆఖరిసారి, ఇప్పుడు చూడకపోతే ఇక లేదు అని నాలో ఒకత్తి అంటోంది. నీ పిచ్చిగానీ నాటకమే కదా, మనుషులు ఆకలితో వస్తారే అని ఇంకొకత్తి అంటోంది. ఈ రెండోది ఎప్పుడూ మంచిమాటే చెబుతుంది, అందుకే ఎప్పుడూ దానిదే గెలుపు. ట్రామ్ తలుపులు మూసుకుని కదిలిపోయింది. తర్వాతి ట్రామ్ ఎక్కుదాంలే అనుకున్నాను. గంట మోగింది. విరామం అయిపోవచ్చింది, మిట్సీ ముడి విప్పేస్తుంది. అంతే, పట్టు గౌను మోకాళ్ళ దాకా ఎత్తిపట్టి నిలబడే చోటు తలుపు వైపు పరుగెత్తాను. ఆ తలుపు దగ్గర టికెట్లు చూసే ఆయన నా టికెట్టు చూసి పక్కకి జరిగాడు. మిట్సీ చెయ్యి నా ముడి మీద ఉంది.

“చచ్చీ చెడీ వచ్చావ్! ఇంకో నిమిషమైతే ఆ బట్టతలాయనకి ఇచ్చేసేదాన్ని. ఆ కోటు విప్పవే, ఉడికిపోతావ్,” అంది.

నాలుగో అంకం మొదలైంది. రంగస్థలం నిండుగా, ఆ కొసనుంచి ఈ కొసదాకా కనిపించింది. క్లెమెంటీన్ తాళాలతో గనిలోకి దిగుతోంది. కూలీలు ఒక్కొక్కరే వచ్చి ఆవిడ వెనక నిలబడుతున్నారు. నా వెనకా ముందూ పక్కనా మనుషులు, తడి ఉన్ని వాసన, ఎవరి మోచెయ్యో నా నడుముకి. అరగంటసేపు నేను ఎవరి పెళ్ళాన్నో, ఏ గిన్నె ఎక్కడుందో ఏదీ జ్ఞాపకం లేదు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అంకం ముగిసి, దీపాలు సగం వెలిగినప్పుడు తల ఎత్తాను. పోకోర్నీ గారి భార్య బైనాక్యులర్స్ సూటిగా నా మీదే ఉన్నాయి. ఆవిడ పక్కకి తిరిగి ఏదో అంది. ఓస్వాల్డ్ లేచి నిలబడి కిందికి చూశాడు.

చిన్న విరామం అది, ఎవరూ కదలరు. ఆయన మాత్రం అన్ని మెట్లూ దిగి వచ్చాడు. మా తలుపు దగ్గర గొంతు వినిపించింది.

“ఒక్క నిమిషం, మా ఆవిడతో మాట్లాడాలి.”

“నిలబడే టికెట్టు ఉందా అండీ?”

“నేను హోఫ్‌రాట్‌ని. పైన నా బాక్స్ ఉంది!”

“అయితే మీ చోటు పైనే కదండీ, హోఫ్‌రాట్ గారూ. ఇక్కడికి ఈ టికెట్టు ఉంటేనే.”

తలుపు సందులోంచి తల ఒక్కటీ లోపలికి పెట్టాడు. “లిండీ!” అని గుసగుసగా అరిచాడు. “లిండీ! ఏంటిది? ష్నిట్జెల్!”

“ష్!” అన్నారు ముందువాళ్ళు. “ష్నిట్జెల్ ఏంటయ్యా, నాటకం మధ్యలో?” అని ఎవరో. “బయట సాసేజ్ బండి ఉంది, అక్కడ అడుగు,” అని ఇంకెవరో. వరసలన్నీ కిసుక్కుమన్నాయి. ఓస్వాల్డ్ ముఖం ఎర్రబడింది. ఊళ్ళో ఆయన్ని అలా కసిరినవాళ్ళు లేరు. నాకు జాలేసింది, నిజంగానే వేసింది. జాలేసినప్పుడల్లా ఒక అడుగు ముందుకు వెయ్యడం నాకు అలవాటు. ఈసారి కమ్మీని రెండు చేతులతోనూ పట్టుకుని ఉండిపోయాను. దీపాలు ఆరిపోయాయి, ఆయన తల తలుపు వెనక్కి పోయింది.

అయిదో అంకం.

తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన అంకం. క్లెమెంటీన్ రాష్ గనిలోంచి పైకి వచ్చింది. వెలుగు పడి కళ్ళు చికిలించింది. కూలీలు అటూ ఇటూ. దొర అదే చోట, అదే చెయ్యి చాచి. ఆవిడ అతని దగ్గరికి నడిచింది. నేను కమ్మీ మీదికి వంగాను. విసిరెయ్, కొట్టు, తిరిగి లోపలికి పో, ఏదో ఒకటి చెయ్ తల్లీ. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. నడుమునుంచి తాళాలగుత్తి విప్పి, ముద్దు పెట్టుకుని, అతని అరచేతిలో పెట్టింది. తాళాల బరువు మోసి మోసి అలిసిపోయాననీ, ఇంటి దీపం బరువు చాలు తనకనీ, అందమైన పద్యంలో చెప్పింది. ఎంత బాగా చెప్పింది! ఆవిడ గొంతు వణికిన చోట థియేటర్ మొత్తం వణికింది. దొర ఆవిడ తల మీద చెయ్యి వేశాడు. తెర పడింది.

చప్పట్లు విరుచుకుపడ్డాయి. మిట్సీ బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి.

“అబ్బ, ఎంత బావుందే!” అంది ముక్కు తుడుచుకుంటూ.

“బావుందా? ఇచ్చేసిందే! నీకు ముందే తెలుసు కదే, ఇచ్చేస్తుందని?”

“నువ్వేగా చెబితే చంపుతానన్నావ్. ఇదెప్పటి నాటకమనుకున్నావ్? నూటయాభై ఏళ్ళనాటిది, రాసినవాడు మగాడు. గని అమ్మేసి పారిస్ పోతుందనుకున్నావా ఏంటి?”

నాకు చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. ఒళ్ళంతా మండిపోతోంది. ఇందుకా నేను తొమ్మిదేళ్ళు ఏడ్చింది? ఎవరో మహానుభావుడు తన వంటావిడ తెచ్చిపెట్టిన కాఫీ తాగుతూ, తన పెళ్ళాం పిల్లల్ని అవతలి గదిలో నోరు మూయిస్తుంటే, ఈ పద్యం రాసుకుని ఉంటాడు. అలిసిపోయిందట. పదేళ్ళు గని నడిపి అలవనిది, మొగుడి మొహం చూడగానే అలిసిపోయిందట. పైకి చూశాను. బాక్సులన్నీ లేచి నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాయి. ముందు వరసల్లో పట్టు గౌన్లూ కళ్ళు తుడుచుకుంటున్నాయి. వీళ్ళందరూ ఇప్పుడు ఇంటికి వెళ్ళి, ఎంత గొప్ప నాటకం అనుకుంటూ భోజనానికి కూర్చుంటారు. వడ్డించేవాళ్ళు వడ్డిస్తారు. పులుసు కలుపుతూ నేను అల్లిన ముగింపుల్లో అతి నాసిరకానిది కూడా ఇంతకన్నా నయం.

స్కార్ఫ్ విప్పి మెడకి చుట్టుకుని బయటికి వచ్చాను. పెద్ద మెట్ల కింద ముగ్గురూ నిలబడి ఉన్నారు. పోకోర్నీ గారు నిద్ర లేచిన ముఖంతో, “ఆహా, ఏం నటన, ఏం నటన,” అంటున్నారు. ఆయన భార్య నన్ను చూసి ఏదో అడగబోయి, ఓస్వాల్డ్ వైపు చూసి బైనాక్యులర్స్ సంచిలో పెట్టుకుంది. ఓస్వాల్డ్ కళ్ళు తడిగా ఉన్నాయి. నేను తిట్లకి సిద్ధపడ్డాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు.

“నాకు కోపం లేదు లిండీ,” అన్నాడు మెల్లగా. “నిజంగా లేదు. నేను కూడా చివరిదాకా చూసింది ఇదే మొదటిసారి. ఎంత గొప్ప ముగింపు! ఎన్నాళ్ళ పంతమో, ఆవిడ ఎంత అందంగా వదిలేసిందో చూశావుగా. సరే, జరిగిందేదో జరిగింది. వాళ్ళకి కాస్త వైన్ ఇప్పించి ఇక్కడే మాటల్లో పెడతాను. నువ్వు టాక్సీలో ముందు వెళ్ళు. మాంసం పొద్దున్నే కొట్టి పెట్టావుగా, ఎంతసేపు?”

ఆయన తిట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. బహుశా టాక్సీ ఎక్కేదాన్నేమో. తిట్లు తిన్నాక పని చెయ్యడం నాకు వచ్చిన విద్యే. కానీ ఆ తడి కళ్ళు చూసేసరికి, ఆ నాటకం ఎవరి కోసం రాశారో బాగా అర్థమైంది. ఆయనది ఏడుపు కాదు, తృప్తి. కోటు జేబులో చెయ్యి పెట్టాను. ముందు నేనే ఇల్లు చేరాలి గనక తాళాలు నా దగ్గరే ఉన్నాయి. వీధి తలుపుదీ, పైతలుపుదీ, నేలమాళిగదీ. తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

“ఇదేంటి?”

“తాళాలు. మాంసం ఫ్రిజ్‌లో కింది అరలో ఉంది, సలాడ్ దాని పక్కన. ముందు పిండి, తర్వాత గుడ్డు, తర్వాత రొట్టె పొడి. వెంటనే నేతిలో వెయ్యాలి.”

“నువ్వు... నువ్వెక్కడికి?”

“మా వాళ్ళు సాసేజ్ బండి దగ్గర నిలబడి ఆ చివరి అంకాన్ని చీల్చి చెండాడబోతున్నారు. నాకు చాలా చెప్పాలని ఉంది. తర్వాత మిట్సీ ఇంట్లో పడుకుంటాను. రేపటి సంగతి రేపు.”

“పోకోర్నీ గారు వింటున్నారు లిండీ!”

“విననీ.”

తలుపు తోసుకుని బయటికి వచ్చాను. చలి మొహానికి కొట్టింది. మెట్ల కింద మిట్సీ చేతులు రుద్దుకుంటూ ఎవరితోనో అప్పుడే వాదన వేసుకుంటోంది. నేను సగం మెట్లు దిగానో లేదో, వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

“లిండీ!” అని కేక వేశాడు మా ఆయన, తాళాలగుత్తి పట్టుకుని, అందరూ వినేలా. “పెనం ఎక్కడుంటుంది?”

ఆయన పుట్టి పెరిగిన ఇల్లు అది.